పాఠ్యప్రణాళికా సంఘం అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు నమస్కారాలు.

విజ్ఞానశాస్త్ర పాఠాల్లో తరచూ కనిపించే "శాస్త్రం నిరూపించింది" అన్న మాటను పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను. నిరూపణ గణితానిది. 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమని (28 అంటే 11, 17) చెప్పే 1742 నాటి గోల్డ్‌బాక్ ఊహను, 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత సంఖ్య దాకా కంప్యూటర్లతో సరిచూసి, ఒక్క మినహాయింపూ దొరకకపోయినా, గణితజ్ఞులు దానిని సిద్ధాంతమని ఇంకా ఒప్పుకోలేదు. విజ్ఞానశాస్త్రానికి అంత పట్టింపు సాధ్యం కాదు, దిద్దుకోవడమే దాని బలం. బుధుడి కక్ష్యలో శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల తేడా, అంటే డిగ్రీలో ఎనభయ్యో వంతుకూ చాలనిది, న్యూటన్ సిద్ధాంతానికి లొంగక, 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతతో గానీ తేలలేదు.

మతవిశ్వాసం సంగతి కొంచెం చిక్కు. భూమి వయసు ఇంత అన్నప్పుడు దానినీ సాక్ష్యం అడగవలసిందే. బతుక్కి అర్థమేమిటన్న ప్రశ్నకు మాత్రం టెలిస్కోపులో జవాబు దొరకదు. ఈ రెంటినీ కలిపేసేవారు ఆస్తికుల్లోనూ ఉన్నారు, నాస్తికుల్లోనూ ఉన్నారు.

కనుక ప్రతి పాఠం చివరా "ఏది కనిపిస్తే ఈ మాట తప్పని ఒప్పుకుంటాం?" అన్న ప్రశ్న చేర్చండి. దానికి మార్కులు లేకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు