కేస్ షీట్‌లో ఒక గడి తక్కువైంది

సంపాదకుడి గారికి,

నర్సులకు రోగ నిర్ధారణ నేర్పించడం అవసరమా అంటూ మీ పత్రికలో కొన్నాళ్లుగా లేఖలు వస్తున్నాయి. డాక్టర్ల పని డాక్టర్లకే వదిలేయాలని ఒకరు, డాక్టరు అందుబాటులో లేని చోట ఎవరో ఒకరు చూడాలి కదా అని ఇంకొకరు. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్సింగ్, అంటే రోగిని పరీక్షించి జబ్బేమిటో తేల్చడం కూడా నేర్పే పైస్థాయి నర్సింగ్, చదివేవాళ్లకు 18 ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఈ వాదన పాతబడిపోయిందనిపిస్తుంది. 1965లోనే అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఇలాంటి పైస్థాయి నర్సుల కోసం మొదటి ‘నర్స్ ప్రాక్టీషనర్’ శిక్షణ మొదలుపెట్టారు. తర్వాత చాలా దేశాలు ఆ దారి పట్టాయి. 2020లో అంతర్జాతీయ నర్సుల మండలి మార్గదర్శకాలు ఇచ్చి, ఈ స్థాయి నర్సుకు మాస్టర్స్ డిగ్రీ ఉండాలని సూచించింది. ఇక అడగాల్సింది మాలాంటి నేర్పేవాళ్లని: ఎలా నేర్పుతున్నారు అని. దానికి నా జవాబు అంత గొప్పగా ఉండదు.

మొన్నటి ప్రాక్టికల్స్ సంగతే చెబుతాను. ఒక అమ్మాయి రోగిని తల నుంచి పాదాల దాకా పరీక్ష చేసింది. కళ్లు, నాలుక, మెడ, ఊపిరితిత్తులు, ఏదీ వదల్లేదు. పొట్ట దగ్గర చేత్తో నొక్కకముందే స్టెతస్కోప్ పెట్టి విన్నది. సరైన వరస అదే, ముందే నొక్కితే పేగుల చప్పుడు మారిపోవచ్చు. ఎందుకలా చేశావని అడిగితే, 'చెక్‌లిస్ట్‌లో అలాగే ఉంది మేడమ్' అంది. సరే, ఈయనకు ఏమై ఉంటుందనుకుంటున్నావు అన్నాను. మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు మార్కులు లేవు కాబట్టి 50కి 46 వచ్చాయి. వేసింది నేనే.

ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు, ఎక్కడో చెప్పను, అరవై దాటిన ఒకావిడ వచ్చింది. షుగరు ఉంది. పొద్దున్నుంచి కడుపు పైభాగంలో బరువుగా ఉందని, ఒళ్లంతా నీరసమని చెప్పింది. ఛాతీ నొప్పి ఉందా అమ్మా అని అడిగాను. లేదంది. లేదు అని రాసుకున్నాను. శ్వాస నిమిషానికి 18 అని కూడా రాశాను. లెక్కపెట్టి కాదు, అందరూ రాస్తారు కాబట్టి. గ్యాస్ అయ్యుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

డ్యూటీలో ఉన్న సీనియర్ సిస్టర్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. మణికట్టు పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీసే తీరు మారిపోతుంది, అందుకే ఆ ఉపాయం. 26 వచ్చింది. తర్వాత అడిగింది ఒక్కటే: 'మెట్లెక్కితే ఈ బరువు ఎక్కువవుతోందా?' నాలుగు మెట్లకే చెమట పట్టేస్తోందని ఆవిడ చెప్పింది. వెంటనే ఈసీజీ తీశారు. గుండెపోటు.

షుగరు ఉన్నవాళ్లకి, వయసు మళ్లినవాళ్లకి, ఆడవాళ్లకి ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చని నాకు తెలియక కాదు. చదివాను, పరీక్షలో రాశాను కూడా. మంచం దగ్గర ఆ ముక్క గుర్తుకు రాలేదు, అప్పటికే గ్యాస్ దగ్గర ఆగిపోయాను కాబట్టి. మొదట తట్టిన జబ్బుతోనే సరిపెట్టుకోవడం ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా చేసే పొరపాటే. దీని మీద మేం క్లాసులో చక్కగా పాఠం చెబుతాం. పాఠం వింటే ఆ అలవాటు పోదు.

శ్వాస సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఏ వార్డులోనైనా చార్టులు తిరగేసి చూడండి, 18, 20, 18, 20 అనే వరస కనిపిస్తుంది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రోగి పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టడానికి బ్రిటన్ ఆస్పత్రుల్లో వాడే న్యూస్ (NEWS) స్కోరులో శ్వాస 25 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు పడతాయి. ఏ ఒక్క కొలతకైనా ఇచ్చే గరిష్ఠం అదే. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఉంది కదా అంటారు పిల్లలు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆ మీటరు ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఎక్కువని 2020లో అమెరికా పరిశోధకులు చూపించారు. బీపీ పట్టీ చేతికి చిన్నదైతే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. అంకె వచ్చాక దాన్ని నమ్మాలా వద్దా అన్నది మళ్లీ మనిషే ఆలోచించుకోవాలి.

స్కానింగులు, రక్త పరీక్షలు ఉండగా ఈ ప్రశ్నలూ చేతి పరీక్షలూ ఎందుకని ఒక పాఠకుడు రాశారు. 1975లో బ్రిటన్‌లో హాంప్టన్ అనే డాక్టరు, సహచరులు 80 మంది కొత్త రోగుల మీద చేసిన చిన్న అధ్యయనం ఒకటుంది. రోగిని పంపిన డాక్టరు రాసిన ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నాక అనుకున్న జబ్బే 66 మందిలో చివరికి నిలిచింది. చేతి పరీక్ష వల్ల ఇంకో ఏడుగురిలో, ల్యాబు వల్ల మరో ఏడుగురిలో తేలింది. అప్పటికి ఇప్పుడున్న యంత్రాలు లేవు, ఒప్పుకుంటాను. కానీ ఏ పరీక్ష రాయాలో తెలియాలన్నా ముందు రోగి మాట వినాలి.

నేను అడుగుతున్నది చిన్న మార్పు. విద్యార్థుల కేస్ షీట్‌లో రిపోర్టులు రాకముందే నింపాల్సిన గడి ఒకటి పెట్టండి. అందులో మూడు సంగతులు: ఎక్కువగా ఏమై ఉండొచ్చు, తక్కువ అవకాశమే అయినా వదిలేస్తే ప్రాణం మీదకొచ్చేది ఏది, ఏం కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను. దాని పక్కనే ఖాళీగా ఇంకో గడి. చివరికి ఏమని తేలిందో నాలుగు రోజుల తర్వాత అక్కడ రాయాలి. ఇప్పుడు మా పిల్లలు పొద్దున ఒక రోగిని చూస్తారు, ఫారం నింపుతారు, మర్నాడు ఇంకో వార్డుకు పోతారు. ఆ రోగికి ఏమైందో వాళ్లకు ఎవరూ చెప్పరు. వేసిన బాణం ఎక్కడ తగిలిందో చూడనివ్వకుండా గురి నేర్పుతున్నామన్నమాట. రోగుల వివరాలు గోప్యం కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. విద్యార్థులు రికార్డులు తిరగేయాల్సిన పని లేదు, వార్డుకు బాధ్యత వహించే టీచరు ఆస్పత్రి అనుమతితో పేర్లు లేకుండా చెబితే చాలు. టైము లేదంటారా, తల నుంచి పాదాల దాకా చెక్‌లిస్ట్‌ను ప్రతి రోగి మీదా ప్రయోగించడం మానితే బోలెడు మిగులుతుంది.

ఈ టర్ములో ఆ గడి నేనే చేత్తో గీసి ఇచ్చాను. ఆ 46 మార్కుల అమ్మాయి ఆయాసంతో వచ్చిన ఒక పెద్దాయనకు మొదట న్యుమోనియా అని, రెండోది ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అని రాసింది. చివరికి గుండె బలహీనపడిందని తేలింది, కాళ్ల వాపు దానికి ఒక గుర్తు. షీట్ పట్టుకుని నా దగ్గరకొచ్చి, 'కాళ్ల వాపు నేను చూశాను మేడమ్, రాశాను కూడా. ఎందుకు కలపలేకపోయాను?' అంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం దాని మీదే కూర్చున్నాం. సిలబస్ తయారుచేసేవాళ్లు ఆ గడిని అచ్చులోనే వేయించాలని, ప్రాక్టికల్స్‌లో కనీసం 10 మార్కులు దానికి కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు