టీవీ అందరికీ అందేలా నిబంధనలు తేవాలి

సంపాదకులకు,

కేబుల్ డిజిటల్ అయ్యాక చానళ్లు వందలయ్యాయి గానీ, పెద్దవాళ్లకు టీవీ పెట్టుకోవడమే గగనమైంది. మా అమ్మగారికి రెండు రిమోట్లు: టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది మరొకటి. వాటిపై సగం చెరిగిన చిన్న అక్షరాలు, అవీ ఇంగ్లీషులో. పొరపాటున ఒక బటన్ నొక్కితే తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తుంది. ఇక నేను ఇంటికి వచ్చేదాకా అంతే సంగతులు. నెలవారీ రుసుములో మాత్రం ఆమెకు మినహాయింపేమీ లేదు!

చూపు లేనివారి అవస్థ మరీ ఘోరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటి వేళ తెర అడుగున పరుగెత్తే సమాచారం వారికి ఎవరు చదివి వినిపిస్తారు?

ప్రసారాల్లో సంజ్ఞా భాష, అక్షర రూపంలో సంభాషణలు, దృశ్యాల మౌఖిక వివరణ అందేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. నిత్యం వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు అందరికీ అనువుగా ఉండాలనీ అదే సెక్షన్ అంటోంది. కేంద్రం 2019లో టీవీ కార్యక్రమాలకు తెచ్చిన ప్రమాణాలు వినికిడి లోపమున్నవారి కోసమే. తెలుగులో మాట్లాడే మెనూ, పెద్ద బటన్ల రిమోట్ అదనపు రుసుము లేకుండా ఇవ్వాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కేబుల్ ఆపరేటర్లను ఆదేశించాలి. అత్యవసర సమాచారాన్ని చదివి వినిపించడం చానళ్లకు తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ