ఎముక అతికాక కుక్క నడవాలంటే

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బట్టలు కుట్టుకుని బతుకుతున్నాను. మా ఊళ్లో బండి గుద్దిన కుక్కలకు ఎలాగో తిప్పలు పడి ఆపరేషన్ చేయించేవాళ్లున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా కుక్క మల్లికి ట్రాలీ తగిలి వెనక కాలి తొడ ఎముక విరిగింది. అప్పటికి అది ఇంకా పిల్లే. లోపల రాడ్ వేసి, "రెస్ట్ ఇవ్వండి" అని పంపేశారు. చేతిలో పెట్టిన చీటీలో మందుల పేర్లు తప్ప ఇంకేమీ లేవు. రెస్ట్ అంటే మూలన కట్టేయడమే అని మా వీధిలో అందరూ అనుకుంటారు. ఎగరకుండా, మెట్లెక్కకుండా చూడాల్సిందే. కానీ పిల్లకుక్కకు తొడ ఎముక విరిగినప్పుడు కాలు అసలు కదపకుండా ఉంచేస్తే, తొడ కండ బిగుసుకుపోయి ఎముకకు అంటుకుంటుంది. ఎముక చక్కగా అతికినా మోకాలు ఇక ముడుచుకోదు. కాలు కర్రలా నిలబడిపోతుంది. అలాంటి కుక్క మా వెనక వీధిలోనే ఒకటి ఉంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మల్లికి ఆ గతి పట్టలేదంటే గరివిడి పశువైద్య కళాశాలలో చదువుకుంటున్న మా బంధువుల అమ్మాయి చలవే. సెలవులకు వచ్చి, నా చేతులు పట్టుకుని మరీ నేర్పింది. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టాలి, వాపు తగ్గాక గోరువెచ్చని కాపడం. డాక్టరు సరేనన్నాక కుక్కను పక్కకు పడుకోబెట్టి, కీలుకు పైనా కిందా పట్టుకుని, మెల్లగా ముడిచి చాపాలి. ఒక్కోసారి పది పదిహేను సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. మూతి నాకుకున్నా, తల తిప్పి మన చేతి వైపు చూసినా నొప్పి పుడుతోందని అర్థం, అక్కడితో ఆపేయాలి.

నిలబెట్టడానికి పట్టీ నేనే కుట్టాను. పాత జీన్స్ ప్యాంటు కాలు, లోపల పలచటి స్పాంజి, రెండు చివర్లా బ్యాగు హ్యాండిళ్లు. కడుపు కింద నుంచి వేసి పైకి పట్టుకుంటే వెనక బరువు మన చేతికొస్తుంది. కుట్టు మడత తొడ లోపలివైపు రాకూడదు, రాపిడికి పుండు పడుతుంది. మగకుక్కకైతే మూత్రం పోయేచోట ఖాళీ వదలాలి. టైల్స్ నేల మీద కాలు జారుతుంది కాబట్టి గోనెపట్టాలు పరవాలి.

పెద్ద ఊళ్లలో నీళ్లలో నడిపించే మిషన్లు ఉంటాయట. నీళ్లు తుంటి దాకా వస్తే కాళ్ల మీద పడేది ఒంటి బరువులో దాదాపు 38 శాతమే అని పరిశోధనల్లో తేలింది. మనకు మహేంద్రతనయ ఉంది. కుట్ల గాయం పూర్తిగా మానాక, డాక్టరును అడిగి, ఏరు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇసుక రేవులో మల్లిని నడిపించాను. గట్టు మీద కాలు మోపనిది నీళ్లలో మోపింది!

నడుము దెబ్బ తిని వెనక కాళ్లు పడిపోయిన కుక్కల సంగతి ఇంకా కష్టం. చాలావాటికి మూత్రం దానంతట అది రాదు. రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపు నొక్కి తీయాలి, గంటల తరబడి ఒకే పక్కన పడుకోనివ్వకూడదు. ఆ నొక్కడం కాగితం చదివి వచ్చేది కాదు, చేసి చూపించాలి. ఇక మూలుగు వినలేక మనం వాడే నొప్పి మాత్రలు వేసేవాళ్లకు దండం పెట్టి చెబుతున్నా, వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను పాడుచేస్తాయి.

జిల్లా పశువైద్య అధికారులను కోరేది రెండే. కుక్కను ఇంటికి పంపే ముందు ఇంటివాళ్లతో పది నిమిషాలు ఈ పనులు చేయించి చూడండి. బొమ్మలతో ఒక చీటీ ఒడియాతో పాటు తెలుగులోనూ అచ్చు వేయించండి. ఇక్కడ మందులు పట్టే ఆడవాళ్లలో తెలుగు మాత్రమే చదవగలిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చీటీలోకి పట్టీ కొలతలు, చిన్న కుక్కకూ పెద్ద కుక్కకూ విడిగా, నేను గీసిస్తాను.

– ఒక మహిళా టైలరు, పర్లాకిమిడి