పాన్‌కేకులు, పున్నమి, మేసన్లు

బటేవియా దగ్గర, న్యూయార్క్ రాష్ట్రం

నాన్నగారికి,

నమస్కారం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? కాస్త తగ్గిందని మందులు మానేయొద్దని చెప్పండి.

లోకాన్ని చాటుగా ఏలేది ఫ్రీమేసన్లు (మేసన్లు) అనే రహస్య ఆచారాల సంఘం వాళ్ళేనని పెదనాన్న పంపిన వీడియో చూశాను. మొన్న ఆదివారం వాళ్ళ లాడ్జిలోనే టిఫిన్ చేశాను. పక్కింటి పెద్దాయన సభ్యుడు, ఆయనే పిలిచారు. పాన్‌కేకులు, అంటే మన తీపి అట్లకు లావుపాటి చుట్టాలు. టిక్కెట్టు డబ్బులు దేనికంటే, కప్పు కారుతోందట! లోకాన్ని ఏలేవాళ్ళ సంగతి అదీ.

లాడ్జి అంటే మన బస్టాండు పక్క లాడ్జి కాదు. కింద కొట్టు అద్దెకిచ్చి, మేడ మీద సమావేశాల హాలు. చిన్న ఊళ్ళలో చాలాచోట్ల ఇదే పద్ధతి. గోడ మీద మూలమట్టం, వృత్తలేఖిని గుర్తు. తాపీ మేస్త్రీల పనిముట్లే, పట్టుకునేది మాత్రం రైతులు, షావుకార్లు, డాక్టర్లు. బీమాలు అంతగా లేని రోజుల్లో సభ్యుడు పోతే అతని భార్యాబిడ్డల్ని లాడ్జి ఆదుకునేది. అందరినీ రానిచ్చేవారనుకోకండి. నల్లవాళ్ళకు తలుపు మూసే ఉండేది. బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే ఆయన 1784లో ఇంగ్లండు వాళ్ళు ఇచ్చిన అనుమతితో వాళ్ళ లాడ్జి వాళ్ళే నడుపుకున్నారు.

నాకు బాగా నచ్చింది పున్నమి ముచ్చట. వీధి దీపాలు లేని కాలంలో చాలా పల్లె లాడ్జీలు పున్నమికి దగ్గర రోజు చూసుకుని కలిసేవి, రాత్రి గుర్రాల మీద ఇళ్ళకు వెళ్ళడానికి వెన్నెల కావాలి కదా! తిథి చూసి మీటింగ్ పెట్టారంటే మన తాతయ్య మెచ్చుకునేవారు.

పెదనాన్న అనుమానం మరీ గాలికబురు కాదు. 1826లో ఈ బటేవియాలోనే విలియం మోర్గన్ అనే ఆయన మేసన్ల రహస్యాలు అచ్చువేయబోయాడు. ఏదో చిన్న బాకీ మీద కానండాయిగ్వా అనే ఊరి జైల్లో పెట్టించారు. తర్వాత కొందరు మేసన్లు ఆ బాకీ కట్టి బయటికి తెచ్చి, బండెక్కించి నయాగరా కోట వైపు తీసుకుపోయారు. మనిషి మళ్ళీ కనిపించలేదు. పుస్తకం మాత్రం వచ్చేసింది. ఎత్తుకుపోయినవాళ్ళలో కొందరికి కొద్దిపాటి శిక్షలతో సరిపెట్టారు. దాంతో జనం భగ్గుమన్నారు. మేసన్లకు వ్యతిరేకంగా ఏకంగా పార్టీయే పుట్టి, 1832 అధ్యక్ష ఎన్నికల్లో వెర్మాంట్ రాష్ట్రం గెలిచింది. ఈ చుట్టుపక్కల లాడ్జీలు వరసగా మూతపడ్డాయి. బటేవియా శ్మశానంలో మోర్గన్‌కు 1882లో నిలబెట్టిన పెద్ద స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మాటెత్తితే పెద్దాయన కాసేపు ఊరుకుని, "మావాళ్ళ పనే అయ్యుంటుంది" అన్నారు. అట్టు ఇంకోటి వేశారు.

తర్వాత మళ్ళీ లేచారులెండి. 1959లో దేశమంతా 40 లక్షల పైచిలుకు సభ్యులు, ఇప్పుడు 10 లక్షలు కూడా లేరు. ఆ రోజు అట్లు వేసినవాళ్ళలో అరవై దాటనివాడు ఒక్కడూ లేడు.

మన దగ్గరా మేసన్లు ఉన్నారా అని పెద్దాయన అడిగారు. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో నిజాం కాలం నుంచీ ఉన్నారని చెబితే నమ్మలేదు. ఈసారి అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు బావగారితో అటు వెళ్ళి ఒక ఫోటో పంపండి. గేటు దగ్గరది చాలు.

మీ అబ్బాయి