పద్యం చదవకుండానే ఇతివృత్తం రాయిస్తున్నారు

సంపాదకుల వారికి,

పదో తరగతి తెలుగు మార్కుల గురించి మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులు దాటింది. రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. మొన్న మా మనవరాలి నోట్‌బుక్ చూశాక ఇక ఆగలేకపోయాను. ఆ వార్తలో చెప్పినట్టు మార్కులు బాగా వస్తున్నాయని అందరూ సంతోషిస్తున్నారు, సరే. పద్యం చదివి నీకేం అర్థమైందమ్మా అని పిల్లల్ని అడిగేవాళ్లు ఎక్కడున్నారు?

తెలంగాణ పదో తరగతి తెలుగు పుస్తకం 'సింగిడి-2'లో పోతన గారి దానశీలం పాఠం ఉంది కదా. ఇది దేని గురించని అడిగితే "దానగుణం తాతయ్యా" అని టక్కున చెప్పింది. ఎలా తెలిసిందంటే గైడ్ తెరిచి చూపించింది. పద్యాలు ఇంకా చదవనే లేదట! ముందు జవాబులు రాయించేశారు, పద్యాలు తర్వాత బట్టీ పట్టాలి.

ఇద్దరం కూర్చుని చదివాం. వామనుడిగా దానం అడగ వచ్చినవాడు విష్ణువు, మూడడుగులని మూడు లోకాలూ లాక్కుంటాడని బలి చక్రవర్తిని గురువు శుక్రాచార్యుడు హెచ్చరిస్తాడు. బలి వినడు. నరకం వచ్చినా, కులం అంతరించినా సరే, 'తిరుగన్ నేరదు నాదు జిహ్వ', అంటే నా నాలుక వెనక్కి తిరగదు అంటాడు. పిల్ల అక్కడ వేలు పెట్టి ఆగిపోయింది. "ఇది దానం గురించి కాదేమో తాతయ్యా, ఆడిన మాట తప్పకపోవడం గురించేమో" అంది. మళ్లీ వెనక్కి తిప్పింది. లక్ష్మీదేవి కొప్పును తాకిన ఆ విష్ణువు చేయి కింద, నా చేయి పైన ఉండటం ఎంత గొప్ప అని బలి మురిసిపోయే పద్యం చూపించి, "ఇందులో కొంచెం గర్వం కూడా ఉంది కదా?" అని అడిగింది. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ని, నాకు ఒళ్లు పులకరించింది. ఇతివృత్తం పట్టుకోవడమంటే ఇదే కదా! దానం, త్యాగం, దేశభక్తి అని ఒక్క మాట రాసి ఊరుకుంటే సరిపోదు. దానం గురించి కవి ఏమంటున్నాడో ఒక వాక్యంలో చెప్పాలి. ఏ పాదం చూసి అలా అనిపించిందో చూపించాలి.

అలాగే సొంత మాటల్లో రాసుకుని వెళ్లింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన 'గైడ్‌లోది రాయి' అని రాసి పంపారు. సాయంత్రం ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

పాఠం చెప్పేవాళ్లనొక్కళ్లనే అనను. సంక్రాంతికల్లా సిలబస్ పూర్తి కావాలంటారు, ఆపైన రోజూ స్లిప్ టెస్టులు. మధ్యలో ఎన్నికల డ్యూటీలు, సర్వేలు. పిల్లలతో కూర్చుని ఒక పద్యం గురించి మాట్లాడటానికి వాళ్లకు తీరిక ఎక్కడిది? బడుల్లో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం తెచ్చారు, మంచిదే. ఆ పిల్లలే ఇంటర్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటున్నారు. పదేళ్లు చదివిన భాషను టెన్షన్ వదిలిందన్నట్టు వదిలేస్తున్నారంటే తప్పు పిల్లలదా? పాఠ్యపుస్తకంలో 'వ్యక్తీకరణ - సృజనాత్మకత' అని అచ్చువేశారు. బడిలో జరిగేది అందరి పేపర్లలో ఒకే జవాబు, ఒకే వరుసలో.

విద్యాశాఖ అధికారులకు ఒక్కటే మనవి. పరీక్షలో అపరిచిత పద్యం, అంటే పుస్తకంలో లేని పద్యం, ఎలాగూ ఇస్తున్నారు. దాని కింద ఎవరు ఎవరితో అన్నారు, వ్యతిరేక పదం ఏమిటి అని అడగడంతోనే ఆపకండి. ఈ పద్యం ఏం చెబుతోంది, ఏ మాటలను బట్టి అలా అంటున్నావు అని ఒక్క ప్రశ్న చేర్చండి. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లే వారికి, పద్యంలోంచి ఆధారం చూపిస్తే జవాబు కీలో లేకపోయినా మార్కులు వేయమని రాతపూర్వకంగా చెప్పండి. ఈ సంవత్సరం వార్షిక పరీక్షలకే చెప్పండి. మా మనవరాలు వచ్చే మార్చిలో రాస్తోంది.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఖమ్మం