దాన సెటిల్‌మెంట్‌లో ఆ ఒక్క పేరా ఏది?

సంపాదకుడు గారికి,

రిటైరైన తల్లిదండ్రులు ఇల్లో పొలమో పిల్లల పేర రాసే దాన సెటిల్‌మెంట్ దస్తావేజులు దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ‘నీయందు నాకు గల ప్రేమాభిమానముల కొద్దీ’ అని మొదలై, ‘దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనగలవు’ అని ముగుస్తాయి. రాసిచ్చిన మనిషికి రేపు అన్నం ఎవరు పెట్టాలో అందులో ఒక్క ముక్క ఉండదు. ఎవరైనా గుర్తుచేసినా ‘కన్నబిడ్డ దగ్గర షరతులేమిటండీ’ అంటారు. ఆ మొహమాటమే తర్వాత ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కిస్తోంది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. 60 ఏళ్లు నిండినవారు, తమ కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు చూడకపోతే, దాన్ని మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్టే భావించి, ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్ చెల్లదని ప్రకటించవచ్చు. కీలకమంతా ‘షరతుతో’ అన్న మాటలోనే ఉంది. సుదేశ్ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, అలాంటి షరతు లేని హక్కు విడుదల దస్తావేజును (ఆస్తిలో తన హక్కు వదులుకుంటూ రాసిచ్చే కాగితాన్ని) ఈ సెక్షన్ కింద రద్దు చేయడం కుదరదంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టాన్ని ఉదారంగా చూసి, ఆస్తిని తల్లికి తిరిగి అప్పగించమంది. అయితే అక్కడ తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. నోటిమాటను నమ్ముకున్నవారు ఆ తీర్పు చూసి ధీమా పడటానికి లేదు. మనసు మారిందని దాత ఒక్కరే వెళ్లి రిజిస్టరైన దానాన్ని వెనక్కి తీసుకునే వీలు మామూలుగా ఉండదు.

‘బాగా చూసుకోవాలి’ అని రాస్తే చాలదు. బాగా అంటే ఎంతో రేపు ఎవరు తేలుస్తారు? దాత బతికున్నంతకాలం ఏ గదిలో ఉంటారు, నెలకు ఎంత సొమ్ము, ఏ తేదీలోగా, ఎవరి ఖాతాలో వేయాలి, మందులు, ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్నవి విడివిడిగా రాయించాలి. తప్పితే 23వ సెక్షన్ కింద ఈ దస్తావేజు రద్దవుతుందన్న వాక్యమూ చేర్చాలి. సొమ్ము చేతికి కాకుండా ఖాతాకు వస్తే, ఆగిపోయిన నెల నుంచి పాస్‌బుక్కే సాక్ష్యం చెబుతుంది.

ఎక్కువమంది పొరబడేది తల్లి విషయంలో. ఇల్లు సాధారణంగా తండ్రి పేరున ఉంటుంది, రాసిచ్చేదీ ఆయనే. రద్దు కోరే హక్కును 23వ సెక్షన్ ఆస్తి రాసిచ్చినవారికే ఇచ్చింది. ఆయన పోయాక ఆమె ఆ సెక్షన్ పట్టుకుని వెళ్తే ‘దాత మీరు కాదు కదా’ అనే అభ్యంతరం ఎదురవుతుంది. అందుకే భార్యాభర్తలిద్దరూ, ఒకరి తర్వాత మరొకరు కూడా, జీవితాంతం ఆ ఇంట్లో ఉండే, అద్దె తీసుకునే అనుభవ హక్కును అదే దస్తావేజులో అట్టిపెట్టుకోవాలి. కొందరు ‘అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు’ అని రాయిస్తారు. పూర్తి హక్కు ఇచ్చేసి అమ్మకాన్ని మొత్తంగా నిషేధించే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ముందు నిలవదు. అనుభవ హక్కు అలా కాదు. రిజిస్టరైన దస్తావేజులోనే అది ఉంటే, కొనేవారు గాని అప్పిచ్చే బ్యాంకు గాని తెలియదని తప్పించుకోలేరు. సర్టిఫైడ్ నకలు ఒకటి తల్లిదండ్రుల దగ్గరే ఉండాలి. ఒరిజినల్ కొడుకు బీరువాలో చేరిందంటే షరతు ఏమిటో చూపించడానికీ తిప్పలే.

అసలు ఇప్పుడే ఎందుకు రాసివ్వాలన్నదీ ఆలోచించాలి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ ఇష్టమైతేనే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆస్తి చివరిదాకా వారి చేతిలోనే ఉంటుంది. కొడుకు బ్యాంకు రుణం కోసమో, అన్నదమ్ముల పంపకం కోసమో తొందరపడితే తప్ప చాలా ఇళ్లలో ఇదే మేలు.

ఇప్పటికే షరతు లేకుండా రాసిచ్చేసినవారికి పోషణ అడిగే దారి మూసుకుపోలేదు. అదే ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేస్తే, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజులు. ఇప్పించే పోషణ సొమ్ము నెలకు గరిష్ఠం 10,000 రూపాయలు. 2007లో పెట్టిన ఈ పరిమితి ఈనాటి మందుల బిల్లుకే సరిపోదు, అది వేరే సంగతి. పిల్లలు లేనివారు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద ఈ దరఖాస్తు వేయవచ్చు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 మధ్య ఫోన్ చేస్తే చెబుతారు.

రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల శాఖలు చేయగలిగిన పని చిన్నది. దాన సెటిల్‌మెంట్ నమూనాలో పోషణ షరతు, అనుభవ హక్కు పేరాలను ముందే అచ్చువేసి, వద్దనుకున్నవారే కొట్టివేసి పక్కన సంతకం పెట్టేలా చేయాలి. దాతకు 60 దాటితే, పక్కన పిల్లలు లేకుండా ఆ పేరాలను సబ్‌రిజిస్ట్రార్ చదివి వినిపించి, అర్థమైందా అని అడగాలి. తెలంగాణలో వ్యవసాయ భూములు తహసీల్దారు దగ్గరే రిజిస్టరవుతాయి కాబట్టి అక్కడా ఇదే పద్ధతి ఉండాలి. దీనికి పట్టేది ఐదు నిమిషాలు.

– ఒక రిటైర్డ్ రిజిస్ట్రేషన్ ఉద్యోగి, తెనాలి