మీ నారింజ రంగు డబ్బా మీద రంగు శాతం ఏది?

ఫుడ్ కలర్ కంపెనీ నాణ్యత విభాగం వారికి,
నల్లగొండ మిఠాయి తయారీదారులు రాస్తున్నది.

దసరా ఆర్డర్ల కోసం మీ నారింజ రంగు పొడి, 100 గ్రాములవి 12 డబ్బాలు కొన్నాం. లేబుల్ మీద టార్ట్రజిన్ (102), సన్‌సెట్ యెల్లో (110) అని పేర్లున్నాయి. పొడిలో అసలు రంగు ఎంత శాతమో మాత్రం లేదు. ఎలా వాడాలంటే "తగినంత చిటికెడు" అట. ఎవరి వేళ్ల చిటికెడండీ?

మిఠాయిల్లో సింథటిక్ రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటొద్దు. రెండు రంగులు కలిపినా మొత్తం అంతే. లెక్క పిండి మీద కాదు, తయారైన సరుకు మీద. పాకంలో వేసిన రంగూ అందులోకే వస్తది. అంటే 10 కిలోల జిలేబీకి అసలు రంగు 1 గ్రాము. పొడిలో రంగు 10 శాతముంటే 10 గ్రాములు తూచాలి, 25 శాతముంటే 4 గ్రాములే. రెండో పొడిని మొదటిదనుకొని 10 గ్రాములు వేస్తే కిలోకు 250 మిల్లీగ్రాములకు పోతది. శాంపిల్ నాచారంలోని రాష్ట్ర ఆహార పరీక్షల ల్యాబ్‌కు వెళ్లాక నోటీసు వచ్చేది జిలేబీ చేసినోళ్లకు.

రెండు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి గ్రాము చొప్పున తూచి, లీటరు నీళ్లలో కలిపి, గాజు గ్లాసుల్లో పక్కపక్కన పెట్టినం. ఒకటి నిమ్మపండు పసుపు, ఇంకోటి ముదురు నారింజ. ముదురుదాని పొడి నాలుకకు ఉప్పగా కూడా తగిలింది, ఉప్పు కలిపినట్టు లేబుల్ మీద ఎక్కడా లేదు. మొత్తం రంగు శాతం డబ్బా మీద ప్రకటించాలని, పొడి రంగుల్లో ఆ ప్రకటించిన అంకెకు 7.5 శాతం కంటే ఎక్కువ అటూ ఇటూ మారొద్దని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనే ఉంది.

ఇంకొకటి. డబ్బా మీద బిర్యానీ, చికెన్ 65 బొమ్మలు ఎందుకు వేసినట్టు? వాటిలో సింథటిక్ రంగు అసలు వాడొద్దు. ఆ బొమ్మ చూసే హోటలోళ్లు గరిటెతో వేస్తున్నరు.

తెరవని 9 డబ్బాలు వాపసు తీసుకొని డబ్బు ఇవ్వండి. రెండు బ్యాచ్‌ల రంగు శాతం ల్యాబ్ రిపోర్టులు పంపండి. కొత్త లేబుల్ మీద శాతం, కలిపిన పదార్థాల పేర్లు, 10 కిలోలకు ఎన్ని గ్రాములో తెలుగులో అచ్చు వేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇదే ఉత్తరం, రెండు బ్యాచ్‌ల డబ్బాలతో సహా జిల్లా ఆహార భద్రత అధికారికి ఇస్తాం.

ఇట్లు,
మిఠాయి తయారీదారులు, నల్లగొండ